చీపురు బండి

బేకరీ వెనక వీధి,
జనవరి

తమ్ముడికి,

నీ చెవులెలా ఉన్నాయని అడగను. అడిగితే "ఏంటీ?" అంటావు. ఫోను చేస్తే మీ పంపుల రొద తప్ప ఇంకేమీ వినబడదు. మెసేజ్ పెడితే "సరే" అని ఒక్క ముక్క కొడతావు. కాగితం ఇస్తే మాత్రం అంచుల్లో కూడా రాస్తావు. అందుకే ఈ ఉత్తరం.

మీ జలాశయం దగ్గర అక్టోబరులో జరిగే ట్రయథ్లాన్‌కు పేరిచ్చాను. ప్రతి ఏడూ నువ్వు వ్యాను తోలే పోటీయే. రెండు కిలోమీటర్లు ఈత, ఒడ్డుకొచ్చి తొంభై కిలోమీటర్లు సైకిలు, అది దిగి ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. మధ్యలో కూర్చోవడం లేదు.

యాభై దాటాక ఇదేం బుద్ధి అని నువ్వు అడిగేలోపు కారణం చెబుతాను. పోయిన నెల ఓవెన్ నుంచి బ్రెడ్డు ట్రే తీస్తుంటే కొత్తగా చేరిన అమ్మాయి వచ్చి నా చేతిలోంచి అందుకుంది. "మీరు కూర్చోండి ఆంటీ, నేను పెడతాను" అంది. మర్నాడు ఇంకొకరు పిండి బస్తా అందుకున్నారు. వారం తిరిగేసరికి నాకో స్టూలు వేశారు. ఓనరు దాని మీద దిండు కూడా వేయించాడు. ఎవరి మీదా కోపం లేదు, అందరూ మంచివాళ్ళే. కానీ ఆ ట్రే నేను మోయగలనో లేదో ఇప్పుడు నాకు తెలియదు. మోయనిస్తే కదా తెలిసేది.

పోటీ నిబంధనల్లో ఒక వాక్యం చదివాను. బయటివాళ్ళ సాయం తీసుకున్నవారిని పోటీ నుంచి తొలగిస్తారట. అది చదివిన రోజే పేరిచ్చేశాను.

మీ బావకు చెప్పాను. దుకాణంలో ఎవరివో కళ్ళద్దాలు బిగిస్తున్నాడు. తల ఎత్తకుండా "మూడూ ఒకే రోజా?" అన్నాడు. ఒకే రోజన్నాను. "అయితే ఆ రోజు వంట నాదన్నమాట" అన్నాడు. ఇంట్లో చర్చ అక్కడికి ముగిసింది.

అక్క

*

పంపుహౌస్ క్వార్టర్లు,
ఫిబ్రవరి

అక్కకు,

ఉత్తరం అందింది. మొదటిసారి చదివినప్పుడు నవ్వాను. రెండోసారి నవ్వు రాలేదు.

పోటీలో నేను బండి తోలతానని నీకు తెలుసు. ఆ బండి పనేమిటో తెలిసినట్టు లేదు. అది మా పంపుహౌస్ వ్యానే. ఆ రోజు ముందు బంపరుకు ఒక చీపురు కడతారు. చీపురు బండి అంటారు. ఈతకూ సైకిలుకూ గడువు చూసేవాళ్ళు వేరే ఉన్నారు. పరుగు నాది. అందరికంటే వెనక, గడువులోపు ముగించాలంటే కనీసం ఎంత వేగం కావాలో ఆ వేగంతో వస్తాను. నా బండి ఎవరిని దాటితే వాళ్ళ పోటీ అక్కడితో సరి. ఆపి, టైము లెక్కకని చీలమండకు కట్టిన పట్టీ విప్పించి, ఎక్కించుకోవాలి.

మొదటి ఏడు ఆ పని నాకు చేతకాలేదు. ఎవరైనా కుంటుతూ కనబడితే కాలు బ్రేకు మీదికి పోయేది. తర్వాత ఒక సంగతి కనిపెట్టాను. మొదటి గేరులో వేసి రెండు కాళ్ళూ తీసేస్తే ఈ డీజిలు బండి తనంతట తానే సరిగ్గా గడువు వేగంతో నడుస్తుంది. చివర గట్టు మీదికెక్కే రోడ్డులో కూడా అంతే. అందుకని పరుగు మొదలయ్యాక కాళ్ళు సీటు కిందికి లాక్కుని కూర్చుంటాను. స్టీరింగు పట్టుకోవడమే నా పని. మనుషుల్ని దాటేది బండి, నేను కాదు. అలా అనుకుంటేనే రాత్రికి అన్నం దిగుతుంది.

ఒక బ్యాంకు క్యాషియరు ఉన్నాడు. మూడేళ్ళుగా గట్టు రోడ్డు మొదట్లోనే దొరుకుతున్నాడు. తలుపు తీస్తూనే "నా సీటు ఖాళీయేనా సార్?" అంటాడు. ఒకసారి సీటు తుడిచి మరీ కూర్చున్నాడు. నవ్విస్తాడు. దిగేటప్పుడు మాత్రం కాసేపు తలుపు పట్టుకుని నిలబడతాడు.

ఆ తలుపు నువ్వు తీయడం నేను చూడలేను. ఇంకో ఊళ్ళో పోటీ చూసుకో.

తమ్ముడు

*

బేకరీ వెనక వీధి,
మే

తమ్ముడికి,

జవాబు ఆలస్యమైంది. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ నిద్రపోయాను.

ఇక్కడ రోజు ఎలా ఉంటుందో చెబుతాను. తెల్లవారేసరికి మొదటి విడత బ్రెడ్డు బయటికి రావాలి, అది నీకు తెలిసిందే. పని దిగాక మున్సిపల్ ఈతకొలను. మొన్న టికెట్టు వరసలో నిలబడే కునుకు తీశాను. వెనకాయన భుజం తట్టి "అమ్మా, మీ వంతు" అన్నాడు. ఈత నేర్పే ఆమె నన్ను "బ్రెడ్డక్కా" అని పిలుస్తోంది. నేను దిగితే నీళ్ళకు ఈస్టు వాసన వస్తుందట.

ఆదివారం సైకిలు. తొంభై కిలోమీటర్లు పూర్తిచేసి ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. మీ బావ బయటికొచ్చాడు.

"లోపలికి రావా?"

"వస్తాను."

"ఎప్పుడు?"

"కాళ్ళు వచ్చాక."

లోపలికెళ్ళి రెండు కంచాలు తెచ్చి తనూ మెట్ల మీదే కూర్చున్నాడు. ఎదురింటివాళ్ళు మేమేదో పోట్లాడుకున్నామని అనుకున్నారు.

ఇన్నేళ్ళ నుంచీ అలసిపోతూనే ఉన్నాను. ఊరి టిఫిన్ల కోసం, పిల్ల చదువు కోసం, ఇంటి కోసం. ఇది ఎవరూ అడగని అలసట. దీనికీ దానికీ తేడా ఉంటుందనుకున్నాను. కాళ్ళకు మాత్రం తేడా తెలియడం లేదు.

వేరే ఊరు చూసుకోమన్నావు. చూసుకోను. నీకు బండి నేర్పింది నేనే. మార్కెట్ వెనక ఖాళీ స్థలంలో, మా బ్రెడ్డు వ్యానులో. క్లచ్ మీద కాలేసుకుని కూర్చోకురా అని నెలంతా మొత్తుకున్నాను. ఇప్పుడు రెండు కాళ్ళూ తీసేసి తోలుతున్నావంటే నా చదువు వంటబట్టినట్టే.

నేను అడిగేది ఒక్కటే. నా వెనక వచ్చేటప్పుడు కూడా అలాగే రా. నన్ను దాటితే దాటు, పట్టీ విప్పి ఇస్తాను. నేను చేయగలనో లేదో నాకు తెలియాలి. మాటివ్వు.

అక్క

*

పంపుహౌస్ క్వార్టర్లు,
జూలై

అక్కకు,

పోటీ నడిపే ఆయన దగ్గరికి వెళ్ళాను. మా అక్క వస్తోంది, ఈ ఏడు వేరే డ్రైవరును చూసుకోండి అన్నాను. "మీకంటే నిక్కచ్చి మనిషి ఎవరున్నారండీ?" అన్నాడు. పెదవులు చూసి అర్థం చేసుకున్న మాట, పొరపాటు పడి ఉండొచ్చు.

దారి రాస్తున్నాను. ఈత మా పంపుల వైపు కాదు, అవతలి ఒడ్డున. నీళ్ళు చల్లగా ఉంటాయి, కంగారు పడకు. సైకిలు దారిలో వచ్చేటప్పుడు ఎదురుగాలి. పరుగులో చివరి ముక్క గట్టు రోడ్డు. ఒకవైపు రాతి గోడ, ఒకవైపు నీళ్ళు, నీడ లేదు. సగం ఎక్కాక నీళ్ళ బల్ల ఉంటుంది. అక్కడి నుంచి ముగింపు దగ్గర కట్టిన ఎర్ర గుడ్డ కనబడుతుంది. దగ్గరే అనిపిస్తుంది. కాదు. చాలామంది అక్కడే మోసపోతారు.

మాటిచ్చాను.

తమ్ముడు

*

బేకరీ వెనక వీధి,
సెప్టెంబరు చివర

తమ్ముడికి,

ఎక్కువ రాయను. పెన్ను కూడా బరువుగా ఉంది.

ఎడమ మోకాలు వాచింది. వాచి రెండు నెలలైంది. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. డాక్టరు "ఎందుకమ్మా ఇదంతా?" అని అడిగింది. జవాబు చెప్పడానికి ఓపిక లేక "ఊరికే" అన్నాను.

ఎవరూ చూడనప్పుడు ట్రేలు ఎత్తుతున్నాను. నిన్న ఆ అమ్మాయి చూసేసి పరుగెత్తుకొచ్చింది. ఇచ్చేశాను. వాదించే శక్తి గట్టు రోడ్డు కోసం దాచుకున్నాను.

వచ్చే వారం బావా నేనూ వస్తున్నాం. పోటీ ముందురోజు నాతో పోటీ సంగతి ఎత్తకు. మీ పంపులు చూపించు చాలు.

అక్క

*

పంపుహౌస్ క్వార్టర్లు,
అక్టోబరు

అక్కకు,

క్షేమంగా చేరారని బావ మెసేజ్ పెట్టాడు. నువ్వు పెట్టలేదు.

నీ సైకిలు ఇక్కడే వరండాలో ఉంది. బస్సువాడు ఎక్కించుకోనన్నాడని బావ చెప్పాడు. ఎలా పంపాలో రాయి. లారీ ఆఫీసులో అడుగుతాను.

అక్కా, ఎందుకు ఆగిపోయావు? మోకాలేనా? బండి నిన్ను దాటలేదు. నీకూ నాకూ మధ్య ఇంకా చోటుంది. నీళ్ళ బల్ల దాటేశావు. ఎర్ర గుడ్డ ఎదురుగా ఉంది. ఉన్నట్టుండి గోడ పక్కకు జరిగి నిలబడ్డావు, నేను వచ్చేదాకా. పట్టీ నువ్వే విప్పుకున్నావు. నా మొహం చూడకుండా చేతిలో పెట్టావు.

ముగింపు దగ్గర బావ నన్నే చూస్తూ ఏదో అడిగాడు. వినబడనట్టు వెళ్ళి బంపరుకు కట్టిన చీపురు విప్పాను. నిజంగానే సగం వినబడలేదు.

బాగా చేశావని అందరూ అన్నారు. ఈత, సైకిలు రెండూ గడువులోపే పూర్తిచేశావు. ఆ వయసులో అది చిన్న సంగతి కాదని పోటీ నడిపే ఆయనే అన్నాడు. మోకాలికి ఐసు పెట్టుకో.

తమ్ముడు

*

బేకరీ వెనక వీధి,
అక్టోబరు

చిన్నోడా,

మోకాలు కాదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఈతలో ఎవరిదో మోచెయ్యి ముక్కుకు తగిలింది. నీళ్ళు మింగాను, కంగారు పడలేదు. సైకిలు మీద ఎదురుగాలి నువ్వు రాసినట్టే ఉంది. పరుగులో సగం నుంచి నడకా పరుగూ కలిపేశాను. గట్టు రోడ్డు మొదలయ్యేసరికి నా వెనక ఒక్క మనిషే ఉన్నాడు. ఆయన వెనక నువ్వు.

నీ బండి చప్పుడు అప్పటి నుంచీ నా వీపు మీదే ఉంది. మెల్లగా, ఒకే తీరుగా. కాళ్ళు తీసేసి వస్తున్నాడు మా తమ్ముడు అనుకున్నాను. నమ్ముతావో లేదో, అది వింటుంటే ధైర్యంగానే ఉంది. అది దగ్గరికొస్తే నేను తగ్గుతున్నట్టు, రాకపోతే నిలబడుతున్నట్టు. అంత లెక్క నాకు చాలు.

తర్వాత బండి ఆగింది, తలుపు పడింది. నా వెనకాయన ఎక్కేశాడని తెలిసింది. మోకాలు కలుక్కుమంది, వంగి పట్టుకున్నాను. మళ్ళీ కదిలాను.

బండి కూడా కదిలింది. కానీ చప్పుడు మారిపోయింది. ఇంజను గొంతు చించుకుని అరుస్తోంది, బండి మాత్రం దగ్గరికి రావడం లేదు. మొదట నేనే బాగా పరుగెడుతున్నాననుకున్నాను. నిజంగా అనుకున్నాను. నీళ్ళ బల్ల దగ్గర ఆ భ్రమ వదిలింది. అక్కడ గ్లాసులందించే పిల్ల చెవులు మూసుకుని నీ బండి వైపు చూస్తోంది. ఆ వెనకే వాసన వచ్చింది. మాడిన క్లచ్ వాసన నాకు తెలియదా? నీకు నేర్పిన నెలంతా అదే పీల్చాను. క్లచ్ సగం తొక్కి, నన్ను దాటకుండా బండిని వెనకే పట్టి ఉంచుతున్నావు.

నీకు వినబడదు. అందుకని ఎవరికీ వినబడదనుకున్నావు. ఆ గట్టంతా వినబడింది.

ఎక్కాక లోపలాయన జరిగి చోటిచ్చాడు. "కిటికీ వైపు కూర్చోండి, గాలి తగులుతుంది" అన్నాడు. నువ్వు రాసిన క్యాషియరు ఆయనే అని సీటు తుడిచిన తీరులో తెలిసింది. మీకు తెలిసిందా అని అడిగాను. "మూడేళ్ళుగా ఈ సీట్లోనే ఈ రోడ్డు ఎక్కుతున్నానమ్మా. ఇక్కడికొచ్చేసరికి నా రొప్పు నాకు వినబడుతుంటుంది. ఇవాళ వినబడలేదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తర్వాత వంగి నీ కాళ్ళ వైపు చూశాడు. నువ్వు అద్దంలోకి చూస్తూ తోలుతున్నావు. మేమిద్దరం అలసిపోయి మాట్లాడుకోవడం లేదనుకుని ఉంటావు.

ఆయన్ని బండి దాటినప్పుడు నీ కాళ్ళు సీటు కింద ఉన్నాయి. నా దగ్గరికొచ్చేసరికి లేవు. అలాంటప్పుడు నేను ఆ ఎర్ర గుడ్డ కింద నుంచి పోయి చేతులెత్తి ఏం చేయను?

నువ్వు మామూలుగా వచ్చి ఉంటే నన్ను దాటేవాడివా? ఏమో. దాటేవాడివి కాదేమో. అది తెలుసుకోవడానికే పది నెలలు నిద్ర మానుకున్నాను. ఇక ఎవరికీ తెలియదు. నా చేతిలోంచి ట్రే నువ్వు కూడా అందుకున్నావు.

ఇంకో సంగతి రాయకపోతే ఈ ఉత్తరం సగమే నిజమవుతుంది. ఆ చప్పుడేమిటో తెలిసిన క్షణం నాకు కోపం రాలేదు. హాయిగా అనిపించింది. ఆగడానికి ఒక కారణం దొరికింది. అంత అలసిపోయి ఉన్నాను. అలా ఆగడంలో న్యాయం ఎంత, అలసట ఎంత అని నన్ను అడక్కు. వచ్చినప్పటి నుంచీ పిండి కలుపుతూ అదే ఆలోచిస్తున్నాను. ఎటూ తేలడం లేదు.

సైకిలు సంగతి తర్వాత.

అక్క

*

పంపుహౌస్ క్వార్టర్లు,
నవంబరు

అక్కకు,

క్లచ్ ప్లేటు పోయింది. మెకానిక్కు విప్పి చూపించాడు. నల్లగా, అంచులు పెళుసుగా ఉంది. "ఎవరండీ తోలింది, కొత్తవాడా?" అన్నాడు. నేనేనన్నాను. వినబడలేదనుకుని మళ్ళీ పెద్దగా అడిగాడు.

కాలు ఎప్పుడు క్లచ్ మీదికి పోయిందో నాకే తెలియదు అని రాద్దామనుకున్నాను. తెలుసు. నువ్వు మోకాలు పట్టుకుని వంగినప్పుడు. ఆ తర్వాత తీయగలిగేవాణ్ణే. తీయలేదు.

నీ ఉత్తరం చదివాక బ్యాంకుకు వెళ్ళాను. క్యాషియరు దగ్గర వరస ఉంటే నిలబడ్డాను. నా వంతు వచ్చాక క్షమించండి అన్నాను. ఆయన అద్దం వెనక నుంచి, బ్యాంకంతా తిరిగి చూసేంత గట్టిగా, "మా అక్కయితే నేనూ అదే చేసేవాణ్ణండీ" అన్నాడు. నాకు పెదవులతో పని లేకుండానే వినబడింది. నా వెనకామె నవ్వింది. ఆయన ఇంకేదో మెల్లగా అన్నాడు. అర్థం కాలేదన్నాను. ఒక చీటీ మీద రాసి కింది సందులోంచి తోశాడు. "కానీ మా అక్క ఎప్పుడూ నా ముందు పరుగెత్తలేదు" అని ఉంది.

ఆ చీటీ జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఏం చేయాలో తెలియక ఇంకా అక్కడే ఉంది.

పోటీ నడిపే ఆయనకు కూడా చెప్పాను. ఎవరూ ఫిర్యాదు చేయలేదు కదా, వదిలేయండి అన్నాడు. నేను చేస్తున్నాను అన్నాను. ఆయన తల గోక్కున్నాడు. వచ్చే ఏడు ఎవరు తోలాలో ఇంకా తేల్చలేదు.

నువ్వు చేయగలవని నాకు తెలుసు అని రాసి కొట్టేశాను. నాకు తెలియదు. తెలిసి ఉంటే కాలు తీసేవాణ్ణి.

సైకిలు లారీలో పంపవచ్చన్నారు. గోనె చుట్టి కడతాను. టైర్లలో గాలి దిగిపోయింది. పంపేముందు కొట్టించనా?

తమ్ముడు

*

బేకరీ వెనక వీధి,
డిసెంబరు

తమ్ముడికి,

స్టూలు మీద కూర్చునే రాస్తున్నాను. దిండు బాగానే ఉంది. ఆ మాట ఇన్నాళ్ళూ ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మోకాలి వాపు దిగింది. నొప్పి దిగలేదు. డాక్టరు ఆరు నెలలు పరుగు వద్దంది. ఈతకు ఏమీ అనలేదు. అడిగితే అంటుందేమోనని నేనూ అడగలేదు.

నిన్న పని దిగే ముందు ఆ అమ్మాయిని పిలిచాను. ట్రే నేను తీస్తాను, నువ్వు నా పక్కనే నిలబడు, పడేస్తే అప్పుడు పట్టుకో అన్నాను. "పడేస్తే బ్రెడ్డంతా పోతుంది కదా ఆంటీ" అంది. పోతే పోనీ అన్నాను. పాపం, చేతులు చాచి పీతలా అటూ ఇటూ జరుగుతూ నిలబడింది. తీసి రాక్‌లో పెట్టాను. బరువే. ఇంతకుముందు ఇంత బరువుండేది కాదు. కానీ ఇప్పుడు ఎంత బరువో తెలిసింది.

క్యాషియరు చీటీ ఆయనకే తిరిగిచ్చెయ్. ఈసారి ఇద్దరం కలిసి ముందుండి నీచేత ఖాళీ బండి తోలిస్తామని నేనన్నానని చెప్పు. ఆయన నవ్వితే నవ్వనీ.

బండి వేరేవాళ్ళకు ఇవ్వకు. కొత్తవాడి చప్పుడు నాకు తెలియదు. నీదైతే కాలు ఎక్కడుందో వెనక్కి తిరగకుండా చెప్పగలను. ఈసారి అది కూడా నీకు గుర్తుంటుంది.

వచ్చే అక్టోబరుకు నా ఒంట్లో ఏం మిగులుతుందో తెలియదు. ఇప్పుడైతే ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేయడానికి వీధి చివరిదాకా నడవాలంటేనే దూరంగా అనిపిస్తోంది. మీ బావ వేస్తానంటున్నాడు. నేనే వెళ్తానన్నాను.

సైకిలు పంపకు. వరండాలోనే ఉండనీ. గాలి మాత్రం నువ్వు కొట్టకు. వచ్చి నేనే కొట్టుకుంటాను.

అక్క